ముఖం మాడ్చుకున్నవారికి

పదో తరగతి పరీక్షలయ్యాక వచ్చిన వేసవిలో నాకు ఇంట్లోనే ఉద్యోగం దొరికింది. అమ్మ మాటలు నాన్నకి, నాన్న మాటలు అమ్మకి మొయ్యడం. జీతం లేదు, సెలవులూ లేవు.

మా ఇల్లు పెద్దదేం కాదు. ముందు రేకుల షెడ్డు, అందులో నాన్న వెల్డింగ్ పని. వెనక రెండు గదులు. వంటగదిలో చెంచా కింద పడితే షెడ్డులో నాన్న తల తిప్పి చూస్తాడు. అయినా సరే, "మీ నాన్నకి చెప్పు, అన్నం పెట్టానని" అని అమ్మ అంటే నేను షెడ్డు దాకా వెళ్ళి, "నాన్నా, అమ్మ అన్నం పెట్టింది" అనాలి. అప్పటికే నాన్న చేతులు కడిగేసుకుని తువ్వాలుతో తుడుచుకుంటూ ఉండేవాడు. నేను చెప్పేదాకా మాత్రం గడప దాటేవాడు కాదు.

ఈ ఉద్యోగానికి నాకంటే పనికిరాని మనిషి మా ఊళ్ళో లేదు. నాకు మాటలు తక్కువ. బళ్ళో మాస్టారు హాజరు పిలిస్తే నా బదులు పక్కనున్న పిల్ల "ఉందండీ" అనేది. ఆ పిల్ల రాని రోజు నేనూ రానట్టే లెక్క. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోతాను. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. అందులో మాత్రం వసపిట్టని.

అమ్మకీ నాన్నకీ గొడవ కూడా నాకు మాటలు తక్కువనే. టౌన్లో ఆడపిల్లల కాలేజీ ఉంది, పక్కనే హాస్టల్. అమ్మ ఎవరికీ చెప్పకుండా తిరిగి తిరిగి అందులో నాకు సీటు తెచ్చింది. నాన్న వద్దన్నాడు.

"కూరలో ఉప్పు లేకపోయినా అనదు, తినేసి లేస్తుంది. అక్కడ ఆకలేస్తోందని ఎవరితో చెబుతుంది ఇది?"

"అందుకే పంపుతున్నా. ఇక్కడే ఉంటే గోడకి బల్లిలా అతుక్కుపోతుంది."

"నాతో ఒక్క మాటైనా అనకుండా సీటు తెచ్చావు. ఇంక నన్నెందుకు అడగడం?"

"అడగను. అసలు మీతో మాట్లాడను."

అక్కణ్ణించి మాటలు నా నెత్తిన పడ్డాయి.

నాకు వెళ్ళాలనే ఉంది. ఆ ముక్క ఎవరూ నన్నడగలేదు, నేనూ చెప్పలేదు.

హాస్టల్లో చేరే ప్రతి పిల్లా తాళం వేసుకునే ఇనప్పెట్టె తెచ్చుకోవాలన్నారు. అది లేకపోతే లోపలికి రానివ్వరట. అమ్మ నన్ను షెడ్డులోకి పంపింది.

"నాన్నా, నాకు పెట్టె చెయ్యమంటోంది అమ్మ."

"నేను గేట్లు చేసేవాణ్ణి, పెట్టెలు కాదని చెప్పు."

చెప్పాను.

"మొన్న ఎదురింటి పెద్దమ్మకి కోళ్ళగూడు ఎలా చేశారో అడుగు."

అడిగాను.

"కోళ్ళు హాస్టల్‌కి వెళ్ళవని చెప్పు."

వంటగదిలో పళ్ళెం ఠంగుమంది. అది మాత్రం నేను మొయ్యక్కర్లేకపోయింది.

"పోనీ బజార్లో కొనేద్దామా?" అన్నాను అమ్మతో, మెల్లిగా.

"వెల్డింగ్ చేసేవాడి కూతురు కొన్న పెట్టె పట్టుకుని బస్సెక్కితే నలుగురూ ఏమంటారే? చేస్తే ఆయనే చెయ్యాలి. చెయ్యకపోతే..." అని ఆగిపోయింది.

చెయ్యకపోతే నేను వెళ్ళను. అమ్మ ఎంత మొండిదో నాన్నా అంతే. షెడ్డు మూలన పెట్టెకి సరిపోయే రేకు ముక్కలు పడి ఉండేవి. రోజూ పొద్దున్నే వెళ్ళి వాటిని ఎవరైనా కదిపారేమోనని చూసేదాన్ని.

పెట్టె సంగతి అలా ఉండగా, అందులో పెట్టాల్సిన సామాను సంగతి వచ్చింది. సబ్బులు, పేస్టు, తలనూనె, ఇంకా ఆడపిల్లకి కావాల్సినవి. మా ఊళ్ళో ఉన్నది ఒకటే కొట్టు. కొట్టు తాతకి చెవుడు. "ఏంటీ? గట్టిగా చెప్పమ్మా!" అంటాడు, నలుగురూ తిరిగి చూస్తారు. అందుకే నేను వేలు పెట్టి చూపిస్తాను. షాంపూ కోసం వెళ్ళినప్పుడల్లా, ఆ వేలికి దగ్గరగా కనబడిందని తాత ఇచ్చిన అగ్గిపెట్టె తెచ్చేదాన్ని.

"ఇంట్లో ఇన్ని అగ్గిపెట్టెలు ఎక్కడివే?" అంది అమ్మ ఆ రోజు గూడు సర్దుతూ. అప్పుడు అర్థమైంది ఆవిడకి.

అమ్మ మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. అక్కడి యజమాని కోడలు అమ్మ ఫోన్లో ఒక యాప్ ఎక్కించి ఇచ్చింది. మనం మాట్లాడితే చాలు, అవతలి నుంచి ఒక గొంతు జవాబు చెప్పి, మనకేం కావాలో వెతికి, సామాను ఇంటికి పంపించేస్తుంది. మనిషి కాదు, ఏఐ అని చెప్పిందట. అమ్మ మాత్రం మొదటి రోజు నుంచీ ఆ గొంతుని "అమ్మాయ్" అనే పిలిచింది.

అమ్మ అంట్లు తోముతోంది. చేతులనిండా బూడిద. ఫోన్ నేను పట్టుకున్నాను.

"నమస్కారం. నేను మీ సౌందర్య సంరక్షణ సహాయకురాలిని. మీకు ఏ విధంగా తోడ్పడగలను?"

అమ్మ మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. "నమస్కారమమ్మా. మా పిల్ల హాస్టల్‌కి వెళ్తోంది. మంచి సబ్బు చెప్పు."

"తప్పకుండా. పొడి చర్మమా, జిడ్డు చర్మమా?"

"పొడి వద్దు. పొడి డబ్బా ఇంట్లో ఉంది. సబ్బు కావాలి."

"అర్థమైంది. పొడి కాదు, జిడ్డు."

"ఎవరే జిడ్డు?" అంది అమ్మ నా వంక చూసి. నేను భుజాలెగరేశాను.

"మీ చర్మ స్వభావం గురించి మరికొంత చెబుతారా?"

"నా స్వభావానికేం వచ్చింది? ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. అడిగితే మా ఆయన స్వభావం అడగాలి." అమ్మకి వినేవాళ్ళు దొరికారు. పంపు తిప్పి, గిన్నె తిప్పి, మొదలెట్టింది. "పిల్లకి ఒక్క పెట్టె చెయ్యమన్నందుకు ముఖం మాడ్చుకుని కూర్చున్నారమ్మా. నన్ను చూస్తే చాలు, ఆయనకి ఒళ్ళు మండిపోతుంది."

ఫోన్ కాసేపు ఆలోచించింది.

"వినడానికి బాధగా ఉంది. ముఖం మాడినవారికి కలబంద జెల్, ఒళ్ళు మంటకి చలవ పౌడరు బుట్టలో చేర్చాను. సరేనా?"

పంపు చప్పుడులో అమ్మకి మొదటి మాటే వినబడింది. "బాధే కదమ్మా మరి! నీకైనా అర్థమైంది. సరే తల్లీ, సరే."

తెర మీద జెల్ బొమ్మ వచ్చింది. దాని పక్కన పచ్చగా 'చేర్చబడింది' అని. అమ్మా, అది కాదు అనబోయాను. ఈలోగా అమ్మ నూనె గురించి మొదలెట్టింది.

మర్నాడు నాన్న పిలిచాడు. "మీ అమ్మ ఎవరో పిల్లతో సామాన్లు చెబుతోందటగా. చేతుల మసి పోయే సబ్బు ఒకటి రాయించమను."

అమ్మకి చెప్పాను.

"నాకేం పని? ఆయన్నే అడగమను. ఆ పిల్ల అందరితోనూ మాట్లాడుతుంది, కొందరు మనుషుల్లా కాదు."

ఫోన్ షెడ్డులోకి తీసుకెళ్ళాను. నాన్న చేతులు నల్లగా ఉన్నాయి కాబట్టి అక్కడా పట్టుకున్నది నేనే. మసి సబ్బు దొరికింది. అంతటితో ఆగితే బాగుండేది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఏదైనా సమస్య ఉందా?" అంది ఫోన్.

నాన్న నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. "సమస్యా? ఒకటే సమస్య, ఇంటావిడ. నాకు చెప్పకుండా టౌన్లో ఆఫీసులన్నీ కాళ్ళరిగేలా తిరిగిందమ్మా. ఇదేంటని అడిగితే నా చెవులు చిల్లులు పడేలా అరిచింది."

"కాళ్ళు అరిగినవారికి పగుళ్ళ క్రీము, మడమలు రుద్దుకునే రాయి, చెవుల రక్షణకు మెత్తటి బిరడాలు చేర్చాను. సరేనా?"

నాన్నకి ఓ అలవాటుంది. గేటు ఎప్పుడిస్తావని ఎవరడిగినా, వినకుండానే "ఆఁ ఆఁ, అయిపోతుంది" అంటాడు. ఇప్పుడూ అదే అన్నాడు. అని గ్రైండర్ ఆన్ చేశాడు. నేను నోరు తెరిచాను. ఆ చప్పుడులో తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ లేనప్పుడు నా పని కూడా చూసుకుందామనుకున్నాను. నుదుటి మీద మొటిమలు. కొత్త కాలేజీలో అందరూ ముందు వాటితోనే పరిచయం చేసుకుంటారని నా భయం.

"మొటిమలకి ఏదైనా..." అన్నాను.

"క్షమించండి, వినబడలేదు. కొంచెం గట్టిగా చెబుతారా?"

"మొటిమలు..."

"క్షమించండి. ఇంకొంచెం గట్టిగా?"

కొట్టు తాత ఫోన్లోకి కూడా దూరాడనిపించింది. "నాకు గట్టిగా మాట్లాడాలంటే నోరు పెగలదు" అన్నాను, ఏడుపొచ్చి. అది మాత్రం దానికి స్పష్టంగా వినబడింది.

"పెదవులు అతుక్కుపోతున్నవారికి వెన్న లాంటి లిప్ బామ్ చేర్చాను. సరేనా?"

ఫోన్ బోర్లించేశాను. సరే అనుకుందో ఏమో.

పార్సిల్ వచ్చిన రోజు ఆదివారం. అమ్మ గడపలో కూర్చుని అట్టపెట్టె విప్పింది. సబ్బులు, పేస్టు, నూనె, నాకు కావాల్సినవి, అన్నీ వచ్చాయి. అడుగున ఇంకా ఏవో ఉన్నాయి. ఒక గొట్టం తీసి వెలుగులో పెట్టి కూడబలుక్కుని చదివింది.

"పగిలిన పాదాలకు... ఇదెవరు తెప్పించారే?"

"నాన్న చెప్పాడు" అన్నాను.

అబద్ధం కాదు. ఎలా చెప్పాడని అమ్మ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే, మెల్లిగానైనా.

అమ్మ గొట్టం పట్టుకుని తన కాళ్ళ వంక చూసుకుంది. పొద్దున్నుంచీ తడిమట్టిలో నిలబడి మొక్కలకి నీళ్ళు పెట్టే కాళ్ళు. మడమలు ఎంత పగిలి ఉంటాయంటే, దుప్పటి దారాలు వాటిలో చిక్కుకుంటాయి. పొద్దున్నే లేచి ఆ దారాలు పీక్కోవడం నాకు తెలుసు. ఆవిడ పళ్ళు తోముకోవడం ఎలాగో అదీ అలాగే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఎప్పుడు చూశారో" అంది. నాతో కాదు.

జెల్, పౌడరు నా చేతికిచ్చింది. "ఇవి మీ నాన్న తన కోసం తెప్పించుకున్నట్టున్నారు. ఇచ్చిరా."

షెడ్డులో నాన్న వాటిని అటూ ఇటూ తిప్పాడు. "కమిలిన ముఖానికా? నేనడగలేదే. ఎవరు చెప్పారు?"

"అమ్మ చెప్పింది."

నాన్న చేత్తో చెంప తడుముకున్నాడు. వెల్డింగ్ వెలుగుకి ఆయన ముఖం ఎండలో నిలబెట్టినట్టు కందిపోతుంది. చేత్తో పట్టుకునే నల్ల అద్దం ఉంది కానీ, రెండు చేతులూ కావాల్సి వస్తే దాన్ని పక్కన పడేసి, ముఖం ఓ వైపుకి తిప్పుకుని అతుకు పెట్టేస్తాడు. చెంపల మీద ఎప్పుడూ పొర లేచి ఉంటుంది. రోజూ ఎదురుగా ఉండే ముఖం కదా, నేనూ చూడలేదు.

"మీ అమ్మా?" అన్నాడు మళ్ళీ.

"ఊఁ."

బిరడాలు ఎవరి కోసం వచ్చాయో అమ్మకీ నాన్నకీ తెలియలేదు. గ్రైండర్ వేసేటప్పుడు పనికొస్తాయని నాన్న పెట్టుకున్నాడు. లిప్ బామ్ నేను మాట్లాడకుండా జేబులో వేసుకున్నాను.

తర్వాత నా ఉద్యోగంలో సరుకు మారింది.

"మీ నాన్నకి చెప్పు, ఆ జెల్ కళ్ళలోకి పోకుండా రాసుకోమని."

"మీ అమ్మకి చెప్పు, తడికాళ్ళకి రాస్తే ఆ క్రీము పనిచెయ్యదని. తుడుచుకుని రాయమను."

"తుడుచుకునే రాస్తున్నానని చెప్పు."

"నిన్న నేను చూశానని చెప్పు."

"నా కాళ్ళ వంక చూడ్డం తప్ప పనేం లేదా అని అడుగు."

ఈ చివరిది అడగడానికి నాకు సిగ్గేసింది. అడగలేదు. షెడ్డు దాకా వెళ్ళి ఊరికే తిరిగొచ్చాను. ఏమన్నారని అమ్మ అడిగింది. నవ్వాడన్నాను. నాన్న నిజంగానే నవ్వాడు, అన్నీ వినబడుతూనే ఉన్నాయిగా.

కానీ రేకులు మూలన అలాగే ఉన్నాయి. హాస్టల్ తెరిచే రోజు దగ్గరపడింది. ఎదురింటి పెద్దమ్మ కోళ్ళకి గింజలు చల్లుతూ, "ఏమే, వెళ్తున్నావా, లేదా?" అని అరిచేది. నేను తల ఊపేదాన్ని. అవుననో కాదనో ఆవిడకీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

ఆ రోజు భోజనాల దగ్గర ఇద్దరూ ఉన్నారు. నాన్న మసి సబ్బు అరిగిపోయింది. ఆయన అడగలేదు, అమ్మే గమనించింది. అన్నం వడ్డిస్తూ, "ఆ సబ్బు మళ్ళీ పంపమని చెప్పవే ఆ అమ్మాయికి" అంది. ఫోన్ తీసి మధ్యలో పెట్టాను.

"మళ్ళీ కలిసినందుకు సంతోషం" అంది ఫోన్. "మసి సబ్బు పంపుతాను. అంతకుముందు, మీరు కిందటిసారి తీసుకున్న వస్తువుల గురించి మీ అభిప్రాయం చెబుతారా?"

"అడుగమ్మా" అంది అమ్మ.

"మొదటిది, కలబంద జెల్. మీరు చెప్పిన సమస్య: 'ముఖం మాడ్చుకుని కూర్చున్నారమ్మా.' ఇప్పుడు ఆయన ముఖం ఎలా ఉంది?"

నాన్న చేతిలో ముద్ద గాల్లోనే ఆగిపోయింది. అమ్మ చేతిలో గరిటె కూడా.

"జవాబు రాలేదు. రెండోది, పగుళ్ళ క్రీము. మీరు చెప్పిన సమస్య: 'టౌన్లో ఆఫీసులన్నీ కాళ్ళరిగేలా తిరిగిందమ్మా.' ఇప్పుడు ఆవిడ కాళ్ళు ఎలా ఉన్నాయి?"

ఫోన్ ఆపెయ్యాలని చెయ్యి చాపాను. చెయ్యి కూడా నా నోరు లాంటిదే, సమయానికి కదల్లేదు. అయిపోయింది అనుకున్నాను. పెట్టె లేదు, హాస్టల్ లేదు. ఎవరూ ఎవరికీ ఏమీ తెప్పించలేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"తగ్గాయి" అంది అమ్మ చివరికి. ఫోన్ వంక చూస్తూనే. "పగుళ్ళు పూడుకున్నాయి."

నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. "ముఖం కూడా నయమే. మంట లేదు."

"ధన్యవాదాలు" అంది ఫోన్. "అయిదు నక్షత్రాలలో జెల్‌కి ఎన్ని ఇస్తారు?"

"మూడు" అన్నాడు నాన్న.

"మూడేంటి?" అంది అమ్మ. "అద్దంలో చూసుకున్నారా అసలు? చెంపలు పసిపిల్లాడి చెంపల్లా తయారైతే మూడా?"

"అయితే నీ కాళ్ళకి నువ్వెన్నిస్తావు?"

"నాలుగు."

"నాలుగా! మడమలు అద్దంలా మెరుస్తుంటే నాలుగిచ్చి కూర్చుంటావా? అయిదియ్యి."

"మీరు జెల్‌కి అయిదివ్వండి, నేను ఇస్తా."

"ఇచ్చానమ్మా, ఇచ్చాను. ముఖం మాడ్చుకున్నానటగా, ఊరందరికీ చెప్పావు."

"మీరు చెప్పలేదూ, నా కాళ్ళ సంగతి?"

నేను ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాను. అలవాటు కొద్దీ, "నాన్నా, అమ్మ ఏమంటోందంటే..." అన్నాను.

"నువ్వుండవే మధ్యలో!" అన్నారు ఇద్దరూ.

అలా నా ఉద్యోగం పోయింది.

తెల్లారి గ్రైండర్ చప్పుడికి మెలకువొచ్చింది. పరిగెత్తాను. మూలన రేకులు అలాగే ఉన్నాయి. కానీ నాన్న ముందు ఇంకేదో ఉంది. గేట్లకి వాడే మందపాటి రేకు, గేట్లకి వాడే బందులు, గేట్లకి వాడే గడియ.

"ఆ రేకు పలచన. హాస్టల్లో పదిమంది దాని మీదెక్కి కూర్చుంటారు" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా. ఒక చేత్తో నల్ల అద్దం ముఖానికి పట్టుకున్నాడు. "నీ పేరు చెక్కనా మూత మీద?"

తల ఊపాను.

"ఊపితే కుదరదు. చెక్కనా, వద్దా?"

"చెక్కు" అన్నాను.

వెళ్ళే రోజు ఆ పెట్టె నేను ఎత్తబోతే ఒక మూల కూడా లేవలేదు. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క నాన్న పట్టుకున్నారు. బస్సు ఆగే చోటికి దారంతా వాళ్ళ గోలే.

"అటు ఎత్తండి! నా కాళ్ళ మీద పడేస్తారా, కష్టపడి నయం చేసుకున్నాను."

"నువ్వు నడిస్తేగా! గేటు మోసినట్టే ఉంది."

"గేటే చేశారు మీరు. దీనికి పెట్టె అని పేరు పెట్టారు."

నేను వెనకాల ఖాళీ చేతులతో నడిచాను. జేబులో లిప్ బామ్ ఉంటే తీసి రాసుకున్నాను. వెన్న లాంటిదంటే నిజంగా అలాగే ఉంది.

కండక్టరు దిగి వచ్చి పెట్టెని కాలితో తట్టాడు. బస్సులో సగంమంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఏంటండీ ఇది, బీరువానా? ఎవరిదీ?"

అమ్మా నాన్నా గడియ అటు తిప్పాలా ఇటు తిప్పాలా అని వాదించుకుంటున్నారు. వాళ్ళకి వినబడలేదు. బళ్ళోలా నా బదులు పలికే పిల్ల కూడా పక్కన లేదు.

"ఎవరిదమ్మా ఈ పెట్టె?"

"నాది" అన్నాను.

నాన్న తల తిప్పి చూశాడు. ఆ మాట బస్సు వెనక సీటు దాకా వినబడిందట.